దారి తేలాకే పేరు

మండపేటలో మా బడి పిల్లలకు భౌతికశాస్త్రం బోధించిన టీచరుగారు కిందటి వారం కన్నుమూశారు. వార్త మోసుకొచ్చిన పాలవాడు “ఆకాశం మేడమ్ గారు పోయారండి” అన్నాడు. ఆ పిలుపు ఆవిడకు నచ్చేది కాదు. పట్టణం మాత్రం ఆవిడను అలాగే ఎరుగును.

అదే బడిలో తెలుగు చెప్పిన నేను ఆవిడ పనిని దగ్గరనుంచి చూశాను. విదేశంలోని పెద్ద దూరదర్శిని తీసిన ఫొటోలు మా బడి కంప్యూటర్లకు వచ్చేవి. ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల ఎడంతో తీసినవి. వరుసగా తిప్పితే నక్షత్రాలు కదలవు, గ్రహశకలమైతే జరుగుతుంది. భోజనాల తరువాత ఆడపిల్లలు ఆ జరిగే చుక్కకోసం వెతికేవారు. “కళ్ళు చించుకోకండమ్మా. మీరు కదలకండి, అదే కదులుతుంది” అనేవారావిడ.

ఒక ఏడాది అటువంటిది దొరికింది. పంపిన నివేదికకు సమాధానంగా సంవత్సరమూ అక్షరాలూ అంకెలూ కలిపిన తాత్కాలికమైన గుర్తు వచ్చింది. ఇంకేముంది, కంప్యూటర్లు కొనిచ్చిన రైసుమిల్లు యజమానిగారు ఆ చుక్కకు తన తండ్రిగారి పేరు పెట్టినట్టు, ఆయన బొమ్మతో బడి గేటుకు ఫ్లెక్సీ కట్టించారు. టీచరుగారు స్వయంగా స్టూలెక్కి తాళ్ళు విప్పారు.

“ఏంటండీ ఇది! మా నాన్నగారి పేరు పనికిరాదా?”

“ఆయన పెద్దవారేనండి. కడుపులో బిడ్డకి బారసాల చేస్తారేంటండీ? సూర్యుడి చుట్టూ దాని దారి తేలడానికి ఏళ్ళు పడతాయి. ఆ తరవాతే పేరు. అదీ పేర్లు ఖాయం చేసే ఖగోళసంఘంవాళ్ళు ఒప్పుకుంటే.”

“అయితే కంప్యూటర్లు పట్టుకుపోతానండి.”

“పట్టుకెళ్ళండి. లారీ ఎక్కించడానికి మేమూ సాయం పడతాం.”

పిల్లల ముఖాలు వాడిపోయాయి. యజమానిగారు ఆ ముఖాలను చూసి, “మీతో పడలేమండి బాబూ” అంటూ ఫ్లెక్సీ చుట్టి చంకన పెట్టుకొని వెళ్ళిపోయారు. కంప్యూటర్లు మిగిలాయి.

కొన్నాళ్ళకు తెలిసింది, అది ఇదివరకే ఎవరో చూసిన శకలమని. పిల్లలు ఏడ్చారు. ఆవిడ వేడి పకోడీలు తెప్పించి, “అదేదో తెలిసిందిగా, ఏడుపెందుకు? కొత్త ఫొటోలు తెరవండి” అన్నారు.

రాబోయే చుక్క కోసం నేను ‘గౌతమీసైకతమౌక్తికమాలిక’ అని నిర్దుష్టమైన సమాసం కూర్చి ఇచ్చాను. “ఇంగ్లీషు లిపిలో పదహారు అక్షరాలు దాటకూడదండి మాస్టారూ. మీ సమాసానికి తోక బయట ఉండిపోతుంది” అని నవ్వారు. నా సమాసానికి వంక పెట్టకుండానే దాన్ని తిరగ్గొట్టినవారు ఆవిడొక్కరే.

తరువాత దొరికిన ఇంకొక చుక్క తెలిసినవాటిలో దేనితోనూ సరిపోలలేదు. దాని దారి పూర్తిగా తేలకముందే ఆవిడ వెళ్ళిపోయారు. సంతాపసభలో మిల్లు యజమానిగారే లేచి, “దానికి మేడమ్ గారి పేరు పెట్టేద్దామండి. ఖర్చెంతైనా నాది” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చుక్కను మొదట పట్టుకున్న అమ్మాయి, ఇప్పుడు డిగ్రీ విద్యార్థిని, లేచి నిలబడింది.

“పెడతామండి. ఇప్పుడు కాదండి. ఇప్పుడు పెడితే మేడమ్ గారు చెప్పిన పాఠం మేం చదవనట్టేనండి.”

మిల్లు యజమానిగారు కండువాతో కళ్ళు ఒత్తుకొని, “ఆయ్, అలాగేనమ్మా. ఆగుదాం” అని కూర్చున్నారు.

సభ ముగిశాక ఆమె నాకు బడి కంప్యూటరులో ఆ ఫొటోలు చూపింది. మిల్లుల ఊకబూడిద పడి తెర నిండా నలుసులు. చుక్క ఏదో, నలుసు ఏదో నాకు తెలియలేదు. ఆమె చున్నీ అంచుతో తెర తుడిచి ఫొటోలు తిప్పింది. కుదురుగా నిలిచిన నక్షత్రాల నడుమనుంచి, సన్నని తెల్లని చుక్క ఒకటి మెల్లగా పక్కకు జరిగింది.