కంబన్న మీసం పందెం

కంబన్నకు ఎవరు ఎదురైనా నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. నేరుగా మొలతాడులో వేలు దూర్చి పొట్ట ఎంత ఉబ్బిందో చూడటమే. కర్నూలు ఆస్పత్రిలో లివరు వార్డు అటెండరుగా ముప్పై ఏళ్ళు చేసి, తుంగభద్ర ఒడ్డున సొంతూరికి వచ్చాడు. ఉద్యోగం వదిలింది గానీ అలవాటు వదల్లేదు. పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకును కూడా విడిచిపెట్టలేదు మహానుభావుడు!

వేలు దూర్చాక కళ్ళు అరమూసి, ఏటి అవతల ఏదో కలలో కనబడుతున్నట్టు కాసేపు మెల్లగా ఊగి, ఫలానా పండక్కి ఈ తాడు తెగుతుందని జోస్యం చెప్పేవాడు. తప్పితే మీసం తీసేస్తానని పందెం. ఊళ్ళో ఒక్కసారీ ఆ జోస్యం ఫలించలేదు. అందుకే ఆయన మీసం ఏనాడూ గోరంతకు మించి పెరగలేదు.

భీమమ్మకు మాత్రం నవ్వు రాలేదు. భర్త బొజ్జన్నకు లివరు గట్టిపడిందని డాక్టరు చెప్పి ఏడాది. తాగుడు మానమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు. ఈయన రెండూ పెంచాడు. ఇప్పుడు పగలంతా జోగుతూ, పొట్ట నిమురుకుంటూ "ఒళ్ళు చేసినా" అని మురిసిపోతున్నాడు. ఆ పగటినిద్ర మంచిది కాదని ఆమె మాటిమాటికీ తట్టి లేపేది.

ఓ సాయంత్రం కంబన్న వచ్చి బొజ్జన్న మొలతాడులో వేలు పెట్టాడు. గోరు కూడా దూరలేదు.

"ఉగాదికి ఈ మొలతాడు తెగుతాదప్పా. పొట్ట నిండా నీళ్ళే. తాగుడు మానేది నీతో అయ్యే పని కాదులే."

"ఎవనితో కాదంటాండావు?" బొజ్జన్న మత్తు వదిలి లేచాడు.

"తెగకుంటే మీసం తీస్తా."

"కత్తి నూరి పెట్టుకోప్పా!"

మర్నాడే బొజ్జన్న కర్నూలు బస్సెక్కాడు. సీసా బందు. మాత్రలు వేళ తప్పలేదు. చారులో చిటికెడు ఉప్పు ఎక్కువైతే "నువ్వూ కంబన్న పక్కనేనా?" అని గిన్నె నెట్టేవాడు.

ఉగాది పొద్దున మొలతాడులో రెండు వేళ్ళు దూరాయి. ముందురోజే డాక్టరు "ఇట్లే ఉంటే భయం లేదు" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా, పచ్చడి గిన్నె పట్టుకున్న భార్యను వెంటబెట్టుకుని బొజ్జన్న కంబన్న ఇంటికి నడిచాడు.

అరుగు మీద అద్దం, చెంబులో వేడినీళ్ళు. మూతికి సబ్బునురగ పూసుకుని కంబన్న కూర్చున్నాడు.

"రాప్పా. ఇంకా రాలేదేమని చూస్తాండా."

భీమమ్మ నిలబడిపోయింది. "అన్నా, మేమింగా ఏమీ చెప్పనేలేదే. ఓడిపోతావని ఎట్ల తెలిసె?"

"వార్డులో ముప్పై ఏండ్లు నేను చెప్పిందే జరిగెనమ్మా. అట్ల గెలిచేది మనసుకు శానా కష్టంగా ఉండె." మీసం తీసి, మూతి తుడుచుకుని బొజ్జన్న వైపు తిరిగాడు. "వచ్చే ఉగాదికి మాత్రం తప్పకుండా తెగుతాది. పందెమా?"

"పందెమే!"

భీమమ్మ కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ కంబన్న చేతిలో ఉగాది పచ్చడి పెట్టింది. అందులో ఉప్పు లేదు.