నాలుగు లెక్కపెట్టాక కదిలే కారు

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. అందుకని క్లచ్ లేని కారు కొనుక్కున్నాను, సెకండ్ హ్యాండ్‌ది. అప్పటికి ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆటోమేటిక్ కారు అదొక్కటే. దాన్ని నడపడం నాకొక్కదానికే వచ్చు. దాని గురించి చెప్పడం మాత్రం అందరికీ వచ్చు.

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన ఏడాది, చలికాలంలో మొదలైంది దాని జబ్బు. పొద్దున్నే సెల్లార్‌లో స్టార్ట్ చేసి రివర్స్‌లో వేస్తే కదిలేది కాదు. ఇంజను మాత్రం మోగుతూనే ఉండేది. నేను లోపల కూర్చుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టేదాన్ని. అప్పుడు ఒక్క కుదుపు కుదిపి బయల్దేరేది. నేను లెక్కలు చెప్పే స్కూలు నాచారంలో. అక్కడికి చేరి, బండి వేడెక్కాక చూస్తే అంత ఆలస్యం ఉండేది కాదు.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడే ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన పెద్దమనిషి. జన్మలో స్కూటరు తప్ప మరొకటి నడిపినవారు కాదు. ఒకరోజు నా కిటికీ దగ్గర వంగి, "అమ్మా, తప్పు కారుది కాదు. మీకు కాలు సరిగ్గా ఆనడం లేదు" అన్నారు.

"దీనికి వాడేది కుడికాలు ఒక్కటేనండీ. అది బాగానే ఉంది."

"అదే నేనూ చెబుతున్నా. రెండు కాళ్లూ వాడితేనే కదా బండి మాట వినేది!"

పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పైఅంతస్తు కుర్రాడు ఇంకో వైద్యం చెప్పాడు. "ఆంటీ, ఒకసారి ఆపేసి మళ్లీ స్టార్ట్ చేయండి." చేశాను. మళ్లీ నాలుగే.

చివరికి ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. టై కట్టుకున్న సూపర్‌వైజరుకు అంతా వివరంగా చెప్పాను. ఎప్పుడు, ఏ గేరులో, ఎంతసేపు. అతను కాగితం మీద "పికప్ లేదు" అని రాసుకున్నాడు. ఆపి ఉన్న బండిలోంచి గేర్ ఆయిల్ కొలిచే పుల్ల పైకి తీసి, "ఆయిల్ ఫుల్లుగా ఉంది మేడమ్" అన్నాడు. తర్వాత నా వెనక్కి చూశాడు.

"సార్ రాలేదా?"

"ఏ సారు?"

"మీవారు."

"ఆయనకు డ్రైవింగ్ రాదండీ."

ఆ మాటతో అతనికి జబ్బేమిటో తెలిసిపోయినట్టుంది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నాడు.

మా స్కూలు వ్యాను డ్రైవరు పుణ్యమా అని నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఒక మెకానిక్ దొరికాడు. కరీంనగర్ మనిషి. దుబాయిలో ఏళ్ల తరబడి ఈ ఆటోమేటిక్ బండ్లే బాగుచేసి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, "ఏమైతుంది మేడమ్?" అన్నాడు.

"రివర్స్ వేస్తే నాలుగు లెక్కపెట్టేదాకా కదలదు."

"పొద్దుగాలనా, వేడైనంకనా?"

"పొద్దున నాలుగు. వేడెక్కాక రెండు."

"ముందుకు బోయేటప్పుడు గూడ గట్లనేనా?"

"అప్పుడు మూడు."

"మస్తు జెప్పిన్రు. అందరొచ్చి బండి గుంజుతలేదంటరు, గంతే."

అన్ని నెలల్లో కారు గురించి నన్ను ప్రశ్న అడిగిన మొదటి మగవాడు ఆయనే. మిగతావాళ్లంతా జవాబులతోనే వచ్చారు.

ఇంజను ఆపొద్దన్నాడు. బ్రేకు తొక్కి ఉంచి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేయించి, మళ్లీ పార్కింగ్ గేరులో పెట్టించాడు. ఇంజను నడుస్తుండగానే పుల్ల తీశాడు. కొసన మాత్రమే తడి ఉంది.

"ఆయిలే లేదు గదా!"

"వాళ్లు నిండా ఉందన్నారే?"

"బండి బందు జేసి సూసిన్రా? బందు జేస్తే మీదున్న ఆయిలంత కిందికి దిగుతది, నిండ ఉన్నట్టు కనవడ్తది. దీన్ని ఇంజన్ నడుస్తుండంగనే సూడాలె. ఆయిల్ తక్కువైతే లోపట ప్రెషర్ ఎక్కదు, గేరు లేటుగ పట్టుకుంటది. సల్లగున్నప్పుడు ఇంకింత లేటు." పుల్ల వాసన చూశాడు. "కాలిన వాసన లేదు. ఫికర్ జెయ్యకున్రి, గేర్‌బాక్స్ బతికే ఉంది."

తర్వాత కిందికి దూరి, రేడియేటరు దగ్గర గేర్ ఆయిల్ వెళ్లే పైపొకటి తడిమి వేలు చూపించాడు. కిళ్లీ నమిలి ఉమ్మిన రంగు.

ఆ రంగు నేను రోజూ చూస్తున్నదే. రెండు నెలలుగా సెల్లార్‌లో నా కారు నిలిపే చోట ఆ మరకలు పడుతున్నాయి. సెక్రటరీగారు "ఇచట పాన్ ఉమ్మరాదు" అని గోడకు నోటీసు అంటించి, వాచ్‌మన్‌ను నలుగురి ముందూ తిట్టారు. తనకు పాన్ అలవాటే లేదని అతను మొత్తుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. తింటే తిన్నాడు, ఉమ్మడమెందుకు అనుకున్నాను.

మెకానిక్ ఆ పైపూ క్లిప్పూ మార్చాడు. అడుగున ఉన్న ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోసి, ఇంజను నడుస్తుండగా మళ్లీ కొలిచాడు. మర్నాడు పొద్దున చల్లటి బండిని రివర్స్‌లో వేశాను. "ఒకటి" పూర్తిగా అనకముందే కదిలింది.

సెక్రటరీగారికి విషయం చెప్పాను. ఆయన నోటీసు తీయలేదు గానీ, పెన్ను తెచ్చి "పాన్" పక్కన "మరియు ఆయిల్" అని చేర్చారు.

ఆ తర్వాత వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, ఆ మరకలు నా కారువేనని ఒప్పుకున్నాను.

"నాకెరికే మేడమ్. దినాం తుడిసేది నేనే గద. జిడ్డుకు, ఉమ్ముకు ఫరక్ తెల్వదా?"

"మరి చెప్పలేదేం?"

"సార్‌కు జెప్పిన. కార్ల గురించి నీకేం ఎరుక అన్నడు. మీకు గూడ జెప్దామనే అద్దం కాడికి వచ్చిన. మీరు అద్దం దించలె. ఏందో లెక్కవెడుతున్నరు."

స్కూలుకు ఆలస్యమవుతోందని చెప్పి వచ్చేశాను. ఆరోజు ఆదివారం.