ఫ్రెండ్‌కు నిద్ర పడతలేదట

డాక్టర్లకు కరోనా తప్ప ఏ రోగం రాదని లోకం నమ్మిన రోజులవి. లోకం సంగతి పక్కన పెట్టుండ్రి, నేనే నమ్మిన. కరోనా రెండోసారి మీద పడ్డప్పుడు ఆదిలాబాద్‌ల ఒక సర్కారు దవాఖానల హౌస్ సర్జన్‌ను. అంటే అందరితోని డాక్టరమ్మా అని పిలిపించుకుంట, ప్రతి పనికి పెద్ద డాక్టర్లను అడిగే దశ. నాకు పడ్డ పని, రోజూ పేషెంట్ల ఇండ్లకు ఫోన్ చేసి వాళ్లెట్లున్నరో చెప్పుడు. ఒకనాడు ఇచ్చోడ దిక్కు ఒకాయనకు ఫోన్ చేసి, ఆయన భార్య ఇక లేదని చెప్పిన. "నువ్వు తిన్నవా బిడ్డా?" అన్నడు. తిన్ననని అబద్ధం చెప్పి పెట్టేసిన.

ఆనాటి సంది నాకు నిద్ర లేదు. కన్ను మూస్తే ఫోన్ మోగినట్టే అయ్యేది. ముద్ద దిగకపోయేది. ఒకరోజు వార్డుల ఒక తాతకు జ్వరం చూడబోయి, నుదుటికి పెట్టే మిషన్‌ను నా చెవికి పెట్టుకొని "హలో, దవాఖాన నుంచి" అన్న. తాత నెమ్మదిగ, "ఫోన్ల ఎవలు బిడ్డా?" అన్నడు. (నెత్తి నుంచి కాళ్లదాంక కప్పే పీపీఈ కిట్టు లోపల ఉన్నది నేనని ఎవరికీ తెల్వదని ధైర్యం చెప్పుకున్న. వీపు మీద నా పేరు పెద్దక్షరాలతోని రాసుందని తర్వాత యాదికొచ్చింది.)

మానసిక వైద్యం చూసే సార్ దగ్గరికి పోవాలంటే సిగ్గు. నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతదనుకున్న. అందుకే ఒక ఫ్రెండ్‌ను పుట్టిచ్చిన.

"సార్, నా ఫ్రెండ్‌కు నిద్ర పడతలేదట."

"ఎన్ని రోజుల సంది?"

"మూడు వారాలైతుందట. తింటలేదట. ఊకె ఏడుపొస్తుందట."

"బరువేమన్న తగ్గిందా?"

"యాభై రెండు కిలోలు ఉండె సార్, నలభై ఏడుకొచ్చింది." (ఫ్రెండ్ బరువు గంత కరెక్టుగ ఎవరికి ఎరుకుంటది?)

సార్ పెన్ను కింద పెట్టి నా మొహంలకు చూసిండు. "చచ్చిపోవాలని అనిపిస్తుందా ఆమెకు?"

"ఒకట్రెండుసార్లు అనిపించిందట" అన్న. నా గొంతు నాకే పరాయిగ వినబడ్డది. జర సేపటికి, "అనిపించింది సార్" అన్న.

"గా 'ట' తీసేసినవు. మంచిపని చేసినవు" అన్నడు సార్, కుర్చీ దగ్గరికి జరుపుకొని. "ఇగ నువ్వొక్కదానివే మొయ్యకు. ఇంటికి ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందట."

బాపుకు చేసిన. సిరిసిల్ల దిక్కు మాది సాంచెల మీద బట్ట నేసే ఇల్లు. లాక్‌డౌన్‌తోని సాంచెలన్ని బందైనయి. "బాపూ, నాకు పానం మంచిగ లేదు. కరోనా కాదు" అన్న. ఏం రోగమని అడగలే. "వస్తున్న, ఏడికి పోకు" అన్నడు. పాస్ తీసుకొని, పాత మోటర్ సైకిల్ మీద అంత దూరం వచ్చిండు. ఇంటికి పోయే దారిపొడుగునా నేను ఆయన వీపుకు మొహం ఆనిచ్చి ఏడుస్తనే ఉన్న. ఆయన ఒక్కసారి గూడ ఊకో అనలే.

సార్ ఇచ్చిన మందు మింగి ఇంట్ల పండుకున్న. మరునాడు మధ్యాహ్నం వేలు పట్టేసినట్టై మెలకువొచ్చింది. నన్ను కన్న అవ్వ నా వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టి పక్కన కూసున్నది.

"అవ్వా, నాకు కరోనా కాదే."

"ఎరుకే. తొంభై ఎనిమిదున్నది, పండుకో."

"ఎప్పటి సంది కూసున్నవ్?"

"నువ్వు పండుకున్న కాడికెళ్లి."

పది రోజులకు మళ్ల డ్యూటీ ఎక్కిన. మందులు చాన్నాళ్లు మింగిన, వారానికొకసారి సార్ ముందట కూసున్న, మెల్లగ తేరుకున్న. ఇప్పుడు కరీంనగర్‌ల పిల్లల డాక్టర్‌ను. రోగాల పేర్లన్ని నోటికొచ్చి, తన రోగం మాత్రం నోటికి రాని ఆ ఇరవై మూడేండ్ల పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. నవ్వుకుంటనే, దాని నెత్తి నిమిరి నాలుగు ముద్దలు తినిపించాలనిపిస్తది.