మొక్కు లేని నడకకు సంచి

మా ఇంట్లో టమోటాలు తూచే కాటా ఒకటుంది. కొక్కేనికి ఏదైనా తగిలిస్తే అంకెలు చూపిస్తుంది. పోయిన దసరా సెలవులకు ముందు నేను దానికి చుడీదార్లు, శాలువా, టార్చిలైటు, చివరికి దువ్వెన కూడా తగిలించి తూచాను. పొలం నుంచి వచ్చిన మా ఆయన గడపలో నిలబడి కాసేపు చూశాడు.

"ఏమ్మే, బట్టలు గూడా మార్కెట్టుకు ఏస్తాండావా?" అన్నాడు.

మదనపల్లె నుంచి కుప్పం దాకా నడవాలనుకున్నాను. పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా, వీలైనంత వరకు పల్లెదారుల్లో, నా సంచి నా వీపున వేసుకుని, ఒంటరిగా. యాభై దాటిన టీచరమ్మను నేను. సదుంలో పనిచేశాను, కలికిరిలో పనిచేశాను, ఈ రోడ్లన్నీ బస్సు కిటికీలోంచే చూశాను, అదీ సీటు దొరికిన రోజుల్లో. మోకాలు చూసిన డాక్టరు, నడవండి కానీ బరువు మోయకండి అన్నాడు. అందుకే కాటా. సంచి తేలికైతే వెళ్తాను, కాకపోతే ఇంట్లో కూర్చుంటాను. ఇంట్లో కూర్చునే ఉద్దేశం నాకు లేదు.

ఫోనులో వీడియోలు చూశాను. సంచి బరువు తగ్గుతుందని పళ్ల బ్రష్షు కాడ విరిచేసే కుర్రవాళ్లున్నారు. వాళ్ల పిచ్చి వాళ్లకు ఆనందం. వాళ్లు చూపించిన టెంటు ముచ్చటగానే ఉంది గానీ, నా దారిలో ఊరికో బడి ఉంది, బడికో వరండా ఉంది, తెలిసిన టీచరో నా దగ్గర చదువుకున్న పిల్లో ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. టెంటు వద్దనుకున్నాను. టమోటా బాక్సుల మీద కప్పే పట్టలో ఒక ముక్క కత్తిరించుకున్నాను. వానొస్తే కప్పుకోవచ్చు, లేకపోతే కింద పరుచుకోవచ్చు. ఒంటి మీద ఒక చుడీదారు, ఆరేసుకోవడానికి ఇంకొకటి. కాటన్ అయితే హాయని అందరూ చెప్పారు. తడిసిన కాటన్ ఎంత బరువో బట్టలుతికే ఆడదానికి తెలుసు కాబట్టి రెండూ పాలిస్టరువే తీసుకున్నాను. తిండికి బెల్లం కలిపిన రాగి పేలపిండి. నీళ్లు పోసి కలిపితే చాలు, పొయ్యితో పనిలేదు.

అసలు గొడవ ఇక్కడే వచ్చింది. మా ఆయన చిన్న గిన్నె ఒకటి, గుప్పెడు బియ్యం తెచ్చి సంచిలో పెట్టాడు. "యాడన్నా పొద్దుపోతే మూడు రాళ్లు పెట్టి వండుకోవచ్చు" అన్నాడు. తీసేశాను. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీసి, ఈసారి వంటింటి అటక మీదికి విసిరేశాను.

ఆ కోపం గిన్నె మీద కాదు. తిరుమలకు రెండుసార్లు నడిచాను నేను. ఒకసారి ఆయన ఆపరేషన్ మొక్కు, ఇంకోసారి పాప ఉద్యోగం మొక్కు. సామానంతా లగేజీ ఆటోలో వస్తుంది, మనం చేతులూపుకుంటూ నడవడమే అంటారు. చేతులూపుకునేది మగవాళ్లు. మజిలీ రాగానే వాళ్లు కాళ్లు బారజాపి నూనె రాసుకుంటారు. అంతే దూరం నడిచిన మేము ఆటోలోంచి గుండిగలు దింపి పొయ్యి ముట్టిస్తాం. నాకు దేవుడి మీద ఏ కోపమూ లేదు, ఆ పొయ్యి మీదే ఉంది.

అది పెరటాసి నెల, తిరుమల స్వామికి ఇష్టమైన నెల. కొండకు నడిచి పోయేవాళ్ల చేతికి ముడుపులిచ్చి పంపడం మా వైపు ఆనవాయితీ, వద్దనకూడదు. సంచి చూసి వీధి వీధంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. పసుపుగుడ్డలో కట్టిన ముడుపులు వచ్చాయి, కర్పూరం వచ్చింది, కొబ్బరికాయలు వచ్చాయి. నేను బడి నుంచి వచ్చేసరికి మా ఆయన అన్నీ తీసుకుని సంచి పక్కన పేర్చి పెట్టాడు. ఎదురింటి అక్క ఇంకో కాయతో వచ్చింది.

"అక్కా, నేను కొండకు పోవడం లేదు. కుప్పం పోతాండాను" అన్నాను.

"కుప్పంలో ఏం మొక్కుండాదమ్మా?"

"మొక్కు లేదక్కా. నడవాలనిపించింది."

"మొగుడూ బిడ్డా సల్లగా ఉండంగా ఊరికే యాల నడస్తావు?" అందామె. కాయను కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక మా ఆయన గొంతు తగ్గించి, "మొక్కనే చెప్పేయ్. ఏం పోతాది?" అన్నాడు. ఏం పోతుందో నాకు తెలుసు. మొక్కంటే ఊరంతా దండం పెట్టి సాగనంపుతుంది. నేను మాత్రం ముచ్చటగా మూడోసారి ఇంకెవరి కోసమో నడిచినదాన్నవుతాను. ఆ సాయంత్రమే ముడుపులూ కాయలూ ఎవరివి వాళ్లకు ఇచ్చేసి వచ్చాను. మూతి తిప్పినవాళ్లు తిప్పారు. సంచి మళ్లీ తూచాను. చాలా తేలిగ్గా ఉంది, నాకు సిగ్గేమీ వేయలేదు.

సెలవులివ్వగానే బయల్దేరాను. పుంగనూరు చేరి, తెలిసిన టీచరమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే పలమనేరు దారి పట్టాను. ఊరు దాటానో లేదో వెనక నుంచి బైకు వచ్చి ఆగింది. మా ఆయన.

"సంచి ఇట్లియ్యి. పలమనేరులో ఇస్తాను. అందాక ఒట్టి చేతుల్తో నడువు" అన్నాడు.

మోకాలు నిజంగానే లాగుతోంది. చేయి సంచి పట్టీ దాకా పోయింది. అలవాటు కొద్దీ, "తిన్నావా?" అని అడిగాను.

"యాడ తినేది, నువ్వు ఇల్లిడిసినప్పుటి నుంచీ హోటలే. పలమనేరులో బండెక్కేయ్, ఇంటికి పోదాం. పండక్కు సుట్టాలొస్తాండారు, వడలెవురు కాల్చాల?"

చేయి పట్టీ మీదే ఆగిపోయింది. సంచి దించమంది నా మోకాలి కోసమేనని ఒక్క నిమిషం నమ్మినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

"పెండ్లయినప్పుటి నుంచీ నేనెట్ల కాలస్తానో సూస్తానే ఉండావు గదప్పా. ఈసారి నువ్వు కాల్చు" అన్నాను.

"అందురూ అడగతారు. నేనేం చెప్పాల?"

"నా పెండ్లాం నడస్తాండాదని చెప్పు. ఎవరి కోసమని అడిగితే, దాని కోసమేనని చెప్పు."

పట్టీ బిగించుకుని కుంటుకుంటూ కదిలాను. ఆయన బైకు స్టార్టు చేసిన చప్పుడు చాలాసేపటి దాకా వినిపించలేదు. నేను వెనక్కి తిరగలేదు.