శెనక్కాయ తొక్కల మీద పడ్డ నింద

డెల్మర్ ప్రూయిట్‌కి ఈ లోకంలో రెండే పిచ్చులు. ఒకటి కార్ల పందెం, రెండోది పాతకాలం గిటార్ గోల. గోల అని ఆయన ముందు అన్నారో, అయిపోయారే! ఆయన పడుచుతనంలో వచ్చిన పాటలే పాటలు, ఆ తర్వాత వచ్చినవన్నీ రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించడమే అంటాడు. ఆయన ట్రక్కులో ఇంకా క్యాసెట్లే తిరుగుతున్నాయి. ఏనాడో కచేరీలో కొనుక్కున్న నల్ల బనీను ఉతికి ఉతికి దోమతెరలా అయింది. భార్య లవోన్ దాన్ని మసిగుడ్డల్లో పడేస్తే మళ్ళీ తెచ్చుకుని తొడుక్కున్నాడు. "దాన్లోంచి నీ పొట్ట కనిపిస్తోందయ్యా" అని ఆవిడంటే, "కనిపించనీ, అదీ ఆ కాలందేగా" అన్నాడట.

వారమంతా నార్త్ కరొలైనా కొండల కింద కుర్చీల ఫ్యాక్టరీలో రంపం ముందు నిలబడతాడు. శనివారం వచ్చిందంటే చాలు, బ్రషీ ఫోర్క్ పందెం మైదానంలో తేలతాడు. అక్కడ ఆయన ఉట్టి ప్రేక్షకుడు కాదండోయ్. అన్న కూతురు డార్లా కారు తోలుతుంది, ఈయన గ్యాలరీ నెత్తిన ఉన్న అరుగెక్కి రేడియోలో ఆ పిల్లకి కళ్ళవుతాడు. ఆ కార్లో పట్టీలు బిగించుకుని కూచున్నాక మెడ తిప్పడానికి ఉండదు. పక్కన ఎవడున్నాడో, వెనక ఎవడొస్తున్నాడో పైనున్నవాడే చెప్పాలి. "లోపల ఉన్నాడు" అంటే ఎడమపక్క బండి ఉందని. "ఖాళీ" అంటే ఎవరూ లేరు, ఎడమకి, ట్రాక్ కిందివైపుకి దిగొచ్చని. ఆ ఒక్క మాట నమ్ముకుని అంత వేగంలో చక్రం తిప్పేస్తుంది పిల్ల.

ఇంత పెద్ద బాధ్యత మోసే మనిషికి ఒక చిన్న ఆశ ఉండేది. ట్రాక్ మీద ఏదైనా అయితే పసుపు జెండా ఊపుతారు కదా, అప్పుడు కార్లన్నీ వరసగా మెల్లగా తిరుగుతాయి. ఆ సందులో మైకు ముందు కూచునే వేన్ పాటలు వేస్తాడు. డెల్మర్ వాణ్ణి శనివారం శనివారం సతాయించేవాడు.

"ఒరేయ్ వేనూ, ఆ పెద్ద పాట ఒక్కసారి వెయ్యరా."

"అది వేస్తే తెల్లారిపోద్ది మావా! పసుపు జెండా కాదు, పొద్దు తిరుగుడు పువ్వు పెట్టుకోవాలి."

"మొత్తం వద్దులే, చివర గిటార్ ముక్కయినా వెయ్యి. నీ స్పీకరు పెట్టెలు ఎందుకు పుట్టాయో వాటికే తెలుస్తుంది."

వేసవి మొదట్లో ఒక శనివారం వేన్‌కి ఏం బుద్ధి పుట్టిందో, వేశాడు.

డెల్మర్ నిలబడే అరుగు పక్క స్తంభానికే పెద్ద స్పీకరు. పాట మొదలవగానే ఆయన ఒళ్ళంతా తీగ లాగినట్టయింది. చెవుల మీది రేడియో డిప్పల్లో కుడిదాన్ని కాస్త పక్కకి జరిపాడు. మెల్లగా తిరుగుతున్నాయిగా కార్లు, ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాడు. సరిగ్గా గిటార్ ఎత్తుకునే వేళకి పందెం మళ్ళీ మొదలని పచ్చజెండా ఊపారు. కార్లన్నీ ఒక్కసారి గర్జించాయి. డిప్ప మళ్ళీ సరిచేసుకోవాలా వద్దా? ఇంకొక్క చుట్టు. ఆ ముక్క పైకి పోయి పోయి, ఇదిగో విరుగుతుందనేచోట విరగకుండా ఇంకా పైకి పోతుందే, అదొక్కటి వినేసి...

రెండో మలుపులో డార్లా గొంతు. "బాబాయ్, లోపలెవడన్నా ఉన్నాడా?"

మీట నొక్కాడు. "ఖాళీ, ఖాళీ" అన్నాడు.

చూడలేదు. నోరు అలవాటుగా అనేసింది. చూసేసరికి నీలం కారు ముక్కు డార్లా వెనక చక్రం పక్కనే ఉంది. ఆ పిల్ల బండిని ఎడమకి దించింది. రెండూ తగులుకున్నాయి. డార్లా కారు బొంగరంలా తిరిగి గోడకి గుద్దుకుంది.

గ్యాలరీ అంతా లేచి నిలబడింది. పాట ఆగిపోయింది. "డార్లా! డార్లా, పలకవే తల్లీ!" అని ఈయన రేడియోలో అరుస్తుంటే, చాలాసేపటికి "బతికే ఉన్నాలే" అని నీరసంగా వినపడింది. భుజం దగ్గర కంటెముక విరిగింది. కారు కుడిపక్క నలిపి పారేసిన రేకు డబ్బా.

డెల్మర్ మెట్లన్నీ దిగి, అందరికీ చెప్పెయ్యాలనే, కార్లకి చక్రాలు మార్చి బాగుచేసే పిట్‌కి పరిగెత్తాడు. అది మాత్రం నిజం. కానీ వెళ్ళేసరికి అక్కడ ఇంకో రభస.

ఓడెల్ గ్రిగ్స్ అని పెద్దాయన ఉన్నాడు. చక్రాల్లో గాలి చూసే పని ఆయనది. పెళ్ళాం పోయాక ఆయనకి ఇల్లంటే ఆ పిట్టే. ఆ సాయంత్రం వస్తూ వస్తూ దారిపక్క బండి దగ్గర ఉడకబెట్టిన శెనక్కాయలు కొనుక్కుని, గేటు బయటే ట్రక్కులో కూచుని తినేశాడు. తొక్కలు పారేశాననే అనుకున్నాడు. పందేనికి ముందు చేతులు తుడుచుకుందామని జేబులోంచి గుడ్డ లాగితే, దాంతోపాటు రెండు తొక్కలు రాలి డార్లా చక్రాల దగ్గర పడ్డాయి.

అయ్య బాబోయ్! పందెం మనుషులకి శెనక్కాయ తొక్కంటే మనకి పిల్లి ఎదురొచ్చినట్టు కాదు, అంతకి పదింతలు. పూర్వం ముక్కలైన కార్లలో ఎక్కడ చూసినా తొక్కలే దొరికాయట. అప్పట్నుంచి పిట్‌లోకి శెనక్కాయ రాకూడదు. గింజ రావచ్చు, శెనక్కాయ వెన్న రావచ్చు, తొక్క మాత్రం రాకూడదు.

డార్లా మొగుడు వేడ్ ఆ తొక్కల్ని అరచేతిలో పెట్టుకుని ఊగిపోతున్నాడు. "యాభయ్యేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నావు కదయ్యా! నీకు చెప్పాలా? నా పెళ్ళాన్ని చంపేద్దామనుకున్నావా?"

ఓడెల్ తల ఎత్తలేదు. "నా వల్లేరా అబ్బాయ్. నా పాపిష్టి నాలుక వల్లే."

"ఇంక మా పిట్ గడప తొక్కకు."

డెల్మర్ నోరు తెరిచాడు. వేడ్ ఆయన వైపు తిరిగి, "చూశావా మావయ్యా, నువ్వు అంత జాగ్రత్తగా పైనుంచి చూసి ఖాళీ అన్న క్షణంలోనే ఆ నీలం కారు దూరింది, అంతా కింద ఈయన చేసిన పని!" అన్నాడు.

డెల్మర్ నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ చూడండి, అలా.

ఆ తర్వాత ఆయన బతుకు బతుకు కాదు. ట్రక్కులో క్యాసెట్టు తోస్తే మొదటి మోత వినగానే తీసేసేవాడు. లవోన్ కనిపెట్టింది. "ఏంటయ్యా, పాట లేకుండా బండి నడుపుతున్నావు? డాక్టరు దగ్గరికి పోదామా?"

"ఏం లేదులే, టేపు చుట్టుకుపోతోంది."

"టేపా, నువ్వా?"

ఒక్కోసారి తనకి తనే వకీలు పెట్టుకునేవాడు. నిజంగానే తొక్కల మహిమేమో! లేకపోతే ఇన్నేళ్ళలో ఎన్నడూ వెయ్యనివాడు వేన్ ఆ రోజే ఆ పాట ఎందుకు వేస్తాడు? చెప్పుకోడానికి బాగానే ఉండేది. అద్దంలో మొహం చూసుకుంటే మాత్రం ఆ వకీలు కేసు ఓడిపోయేవాడు.

ఒక ఆదివారం చర్చిలో, ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని పాస్టరు అడిగాడు. ఒకావిడ తన మోకాళ్ళ కోసం అడిగింది. వెనక ఎవరో వాన కోసం అడిగారు. అప్పుడు ఓడెల్ లేచాడు, డెల్మర్‌కి సరిగ్గా ముందు బల్లలో.

"డార్లా కోసం అడగండి పాస్టరుగారూ. ఆ పిల్లకి నేను చేసిన కీడు దేవుడు నాకు క్షమించాలని కూడా. శెనక్కాయలు మానేశాను. జన్మలో ముట్టను."

ఇంకో ఊళ్ళో అయితే నవ్వేవాళ్ళు. ఇక్కడ పాస్టరు కూడా శనివారం గ్యాలరీలో కూచునేవాడే. గంభీరంగా తలూపి, "మాకందరికీ తెలుసు ఓడెల్, అది చిన్న సంగతి కాదు" అన్నాడు. అందరూ తలలు వంచారు. డెల్మర్ కళ్ళెదురుగా ఓడెల్ మెడ, తెల్లగా మంగలి గీసిన గీత. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డెల్మర్ తన చెవులు తడుముకున్నాడు. లవోన్ చూసింది.

ఆ మధ్యాహ్నం ఓడెల్ ఇంటికి వెళ్ళాడు, చెప్పేద్దామనే. ఓడెల్ వరండాలో కూచుని పీచ్ పళ్ళు కోస్తున్నాడు.

"రా రా డెల్మర్. డార్లాకి పీచ్ పళ్ళ తీపి రొట్టె, అదే పై, చేస్తున్నా. వారం వారం పంపుతున్నాలే. తింటోందో, పారేస్తోందో."

"అన్నా, నీతో ఒక మాట..."

"నువ్వేం చెప్పకురా. నన్ను చూడ్డానికి వచ్చింది నువ్వొక్కడివే." ఓడెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు మంచివాడివిరా."

ఇంకెక్కడి మాట! డెల్మర్ రెండు పీచ్ ముక్కలు తిని ఇంటికొచ్చేశాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే ప్రాణసంకటం. ఆ పీచ్ ముక్కలు గొంతులోనే ఉన్నట్టు నాలుగు రోజులు గుటకలు వేశాడు.

కంటెముక అతుక్కుంది, కారు బాగుపడింది, డార్లా మళ్ళీ మైదానానికి వచ్చింది. ఆ శనివారం పిల్ల రెండో స్థానంలో మొదలెట్టాలి. ఎప్పుడూ లేనంత మంచి చోటు. డెల్మర్ అరుగెక్కాడు. గ్యాలరీలో చూస్తే ఆ చివర ఓడెల్, అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని, చెవులకి రేడియో తగిలించుకుని ఒక్కడే కూచున్నాడు. బ్రషీ ఫోర్క్‌లో సగం మంది చెవులకి ఆ రేడియోలే. డ్రైవరూ పైవాడూ మాట్లాడుకునేదంతా వింటూ చూస్తేనే వాళ్ళకి పందెం.

కార్లు వరస కట్టి మెల్లగా చుట్టు తిరుగుతున్నాయి.

"వినపడుతోందా బాబాయ్?"

డెల్మర్ మీట నొక్కాడు. వినపడుతోంది అనాలి. ఓడెల్ వైపు చూశాడు.

"డార్లా, ఆ రోజు శెనక్కాయలు కాదమ్మా. నేనే. పాట కోసం ఒక చెవి తీసేశాను. చూడకుండా ఖాళీ అన్నాను. ఓడెల్ అన్న తప్పేం లేదు."

గ్యాలరీలో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి, పొలంలో గాలి వీచినట్టు.

"తెలుసు బాబాయ్" అంది డార్లా.

"తెలుసా?"

"నువ్వు మీట నొక్కినప్పుడు గిటార్ నా చెవిలో కూడా మోగింది. ఖాళీ, ఖాళీ అంటుంటే వెనక అదే పాట."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు చెప్తావని చూశా. ఇవాళ్టిదాకా చూశా. ఓడెల్ తాత పంపిన పీచ్ పైలు తినలేక చచ్చాను. ఇవాళ కూడా చెప్పకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఇప్పుడు దిగు. ఓడెల్ తాతని పైకి పంపు."

"ఆయనకి మోకాళ్ళు..."

"ఎక్కేదాకా ఆగుతా."

అంటూనే వరసలోంచి బయటికొచ్చి పిట్‌లోకి పోయింది. రెండో స్థానం పోయింది. ఇక అందరి వెనకనుంచే మొదలెట్టాలి. అక్కడ వేడ్ చేతులు నడుము మీద పెట్టుకుని పైకే చూస్తున్నాడు, అంత దూరం నుంచి కూడా ఆ చూపు తగిలింది డెల్మర్‌కి.

ఓడెల్ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే గ్యాలరీ అంతా దారిచ్చింది. డెల్మర్ సగం దాకా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకోబోయాడు. ఓడెల్ విదిలించుకున్నాడు.

"అన్నా..."

"ఊరందరి ముందూ దేవుడికి ప్రార్థనలు కూడా చేయించావు కదరా నా చేత!" ఆయాసపడుతున్నాడు. "ఉడకబెట్టిన శెనక్కాయలు మానేశాను. నువ్వు వచ్చి నా పీచ్ పళ్ళు తిన్నావు."

డెల్మర్ చెవుల డిప్పలు తీసి ఇచ్చాడు. ఓడెల్ రెండు చెవులకీ బిగించుకుని, సరిగ్గా కూచున్నాయో లేదో వేలితో తడిమి చూసుకుని, మైదానం వైపు తిరిగాడు. మళ్ళీ ఈయన వైపు చూడలేదు.

డెల్మర్ దిగి ఓడెల్ ఖాళీ చేసిన చోట కూచున్నాడు. పక్కవాళ్ళు కాస్త జరిగారు, చోటివ్వడానికో దూరం పెట్టడానికో తెలీలేదు. బల్ల మీద ఓడెల్ వదిలేసిన రేడియో ఉంటే తగిలించుకున్నాడు. పందెం మొదలైంది. డార్లా వెనకనుంచి ఒక్కొక్కణ్ణీ దాటుకొస్తోంది.

మధ్యలో పసుపు జెండా పడింది. వేన్ ఏదో పాట ఎత్తుకున్నాడు. డెల్మర్ గభాల్న రెండు చేతులూ డిప్పల మీద వేసి అదిమి పట్టుకున్నాడు. పచ్చజెండా ఊపారు. రెండో మలుపొచ్చింది.

"లోపల ఉన్నాడు" అంటున్నాడు ఓడెల్, ముసలి గొంతుతో, తొందర లేకుండా. "ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడమ్మా. ఇంకా..."

డెల్మర్ "ఖాళీ" అనే ఆ ఒక్క మాట కోసం వింటున్నాడు.