మూడు గంటల క్లాసు

మా ప్రొఫెసరమ్మ పోయారని నాతో ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాలు మొన్న ఆదివారం ఉదయం ఫోన్ చేసి చెప్పింది. వెంటనే, "సూర్యుడి సాంద్రత లెక్కకట్టించిన రోజు గుర్తుందా?" అంది. ఎందుకు గుర్తుండదు?

కలకత్తాలో మాకు నక్షత్రాల భౌతికశాస్త్రంలో ఓనమాలు నేర్పింది ఆవిడే. బెంగాలీ మనిషి. నలిగిన నేతచీర కట్టుకుని, భుజాన గుడ్డసంచి వేసుకుని, రోజూ శివారు నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు. మొదటి రోజే సూర్యుడి ద్రవ్యరాశి, వ్యాసం బోర్డు మీద రాసి, సూర్యుడు సగటున ఎంత సాంద్రంగా ఉంటాడో లెక్కకట్టమన్నారు. ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే నీళ్ళకంటే కొంచెం ఎక్కువ, అంతే. ఎక్కడో తప్పు చేశామని అందరం మళ్ళీ మొదలుపెట్టాం. ఆవిడ బెంచీల మధ్య తిరిగి చూసి, "లెక్క సరిగ్గానే ఉంది. తప్పంతా మీ ఊహలో ఉంది, దాన్ని దిద్దుకోండి" అన్నారు.

తన తప్పుల విషయంలోనూ అంతే. బోర్డు మీద పొరపాటు రాస్తే చెరిపేవారు కాదు, అడ్డంగా గీత కొట్టి కింద మళ్ళీ రాసేవారు. ఎక్కడ దారి తప్పామో కనబడాలి కదా అనేవారు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే బెంచీలు కిటికీల దగ్గరికి లాగించి, చెంగుతో మెడ తుడుచుకుంటూ పాఠం సాగించేవారు.

ఒకరోజు నేను లేచి ఒక ప్రశ్న అడిగాను. పొయ్యి మీంచి దించిన గిన్నె చల్లారుతుంది. మరి వేడిని బయటికి పంపుతున్న నక్షత్రం లోపల ఇంకా వేడెక్కుతుందంటారేమిటి? ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "సమీకరణం రాసి చూపించగలను. నువ్వడిగింది అది కాదు. నాకు కొంచెం టైమివ్వు" అన్నారు. విద్యార్థిని దగ్గర గడువు అడిగిన టీచర్ని నేను అంతకుముందు చూడలేదు.

ఆ జవాబు వినేలోగానే మా ఇంట్లో కష్టం వచ్చిపడింది. మాది శ్రీకాకుళం వైపు. నాన్న కలకత్తా రేవులో, గార్డెన్ రీచ్ దగ్గర డాక్‌లో పనిచేసేవాడు. ఓడలోంచి సరుకు దించుతూ జారిపడి నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. మా వాడలోని తెలుగు బడిలో ఉదయంపూట పంతులమ్మ ఉద్యోగం ఉందంటే, అమ్మ నన్ను చదువు మానేసి చేరమంది. నేను బడిలో చేరి, కాలేజీకి వెళ్ళడం మానేశాను.

వారం తిరిగేసరికి ఆవిడ బస్సులు మారి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. అమ్మకు బెంగాలీ అంతంతమాత్రం. మధ్యలో నేనే మాట అందించాలి.

"ఏ మాటా కలపకు, ఏ మాటా దాచకు. నేను అన్నది అన్నట్టు చెప్పు" అని ముందే హెచ్చరించి, ఆవిడ అమ్మవైపు తిరిగారు. "మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాటల్లో జవాబు దొరక్క ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకున్నాను. అలా అడిగే పిల్లలు నాకు అరుదుగా దొరుకుతారు. కానీ ఈ చదువుతో ఉద్యోగం వస్తుందని మాత్రం మాటివ్వలేను."

నన్ను నేనే పొగుడుకున్నట్టుంటుందని సిగ్గేసి, ఆ చివరి వాక్యం ఒక్కటే అమ్మకు చెప్పాను. డాక్‌లో పనిచేసి బెంగాలీ బాగా వచ్చిన నాన్న మంచం మీంచి, "అసలు సంగతి ఒగ్గేసినావేటే?" అని, ఆ మొదటి మాటలు తనే అమ్మకు విడమరిచి చెప్పాడు.

అమ్మ నావైపు తిరిగింది. "ఉజ్జోగం ఒస్తాదని ఆశ పెట్టనేదు, ఆయమ్మ నిజం సెప్పింది. బడి మానితే ఇల్లు గడవదు. పొద్దుట బడి సూసుకుని, ఆనక ఎల్తానంటే ఎల్లనీ" అంది.

మిగతా క్లాసులు మధ్యాహ్నమే, చిక్కల్లా ఆవిడ క్లాసు పదకొండింటికి కావడమే. బడి ఎప్పుడు వదులుతారని ఆవిడ అడిగారు. పన్నెండింటికన్నాను. ఆ వారంలోనే క్లాసులో ఒక్కొక్కరినీ ఒప్పించి, ఆఫీసు చుట్టూ తిరిగి, పాఠం మూడింటికి మార్పించారు. దాంతో రైళ్ళు కిక్కిరిసే వేళకు గాని ఆవిడ ఇంటికి బయల్దేరలేకపోయేవారు. కృతజ్ఞత చెప్పబోతే, "నీ కోసమేమీ కాదు. పదకొండింటికి అందరూ నిద్రమొహాలతో కూర్చునేవారు" అన్నారు.

మూడు గంటలకు జరిగిన మొదటి క్లాసులోనే నా ప్రశ్నకు జవాబొచ్చింది. వేడి పోతున్నకొద్దీ నక్షత్రం తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది. ఆ కుంగడంలో పుట్టిన శక్తిలో సగం వెలుగై బయటికి పోతే, మిగతా సగం లోపలే ఉండి వేడిని పెంచుతుంది. సమీకరణం లేకుండా, చేతులు తిప్పుతూ చెప్పారు. చెప్పి, "సరిపోయిందా?" అని నన్నే అడిగారు. ఇప్పుడు హౌరాలో ఒక కాలేజీలో నేను అదే పాఠం చెబుతున్నాను. అక్కడికి వచ్చేసరికి నా చేతులు కూడా అలాగే తిరుగుతాయి.

మేం చదువుకునే రోజుల్లోనే సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. తెల్లవారకుండానే అందరం రైలెక్కి డైమండ్ హార్బర్ వైపు వెళ్ళి, వరిచేల మధ్య గట్టు మీద నిలబడ్డాం. ఎవరు ఏ పరికరం చూడాలో, ఎవరు గడియారం చూసి అరవాలో ఆవిడ దారంతా అప్పజెప్పించుకున్నారు. ఎండ సన్నబడింది, గాలి చల్లబడింది. చివరి వెలుగుచుక్క కూడా ఆరిపోయేసరికి వెనక ఊళ్ళో ఆడవాళ్ళు అక్కడి ఆనవాయితీగా శంఖాలు ఊదడం మొదలుపెట్టారు. సూచన కోసం మేం ఆవిడవైపు చూశాం. ఆవిడ అప్పటికే గట్టు దిగిపోయారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీలమండల దాకా బురదలో నిలబడి, నోరు తెరుచుకుని, ఆ నల్లని సూర్యుడిని చూస్తున్నారు.