నా పెళ్ళికి అభ్యంతరాలు పంపండి

పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అబ్బాయి తాగుతాడని ఒకరు, అమ్మాయికి కోపమెక్కువని ఇంకొకరు పేరు లేని ఉత్తరం రాసి పడేస్తారు. నా విషయంలో వాళ్ళెవరికీ శ్రమ లేకుండా పోయింది. నా పెళ్ళిని చెడగొట్టే పని నేనే స్వయంగా తలకెత్తుకొని రెండు వారాలపాటు దీక్షగా చేశాను. "నా పెళ్ళికి ఏమైనా అభ్యంతరాలుంటే చెప్పండి" అని మూడున్నర వేల మందిని పిలిచి మరీ అడిగాను. వాళ్ళు చెప్పారు కూడా. జనం చాలా మంచివాళ్ళు, అడిగితే కాదనరు.

ఐదేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో సూపర్‌వైజర్ని. ప్యాంట్లకు పట్టాల్సిన నీలం సగం నా గోళ్ళలోనే ఉండేది. ఆదివారం మాత్రం మా చర్చికి టెక్నికల్ డైరెక్టర్ని. ఈ పదవి నాకెవరూ ఇవ్వలేదు. ఒకసారి మైకు బ్యాటరీ మార్చాను, అప్పటినుంచి నాకు నేనే ఇచ్చుకున్నాను. తాతల నాటి ఆ మిషన్ చర్చిలో వెనక బెంచీ దగ్గర స్టాండు నిలబెట్టి, దానికి నా ఫోను తగిలించి, ఆరాధన మొత్తాన్ని లైవ్‌లో చూపించేవాణ్ణి.

చూసేవాళ్ళు పదకొండు మంది.

వాళ్ళెవరో నాకు పేర్లతో సహా తెలుసు. మంచం దిగలేని ప్రకాశమ్మత్త, ఆదివారం డ్యూటీ పడ్డ ఇద్దరు నర్సులు, దారిలో లారీ ఆపుకొని చూసే మా చిన్నాయన, ఇలాంటివాళ్ళు. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో మా అమ్మ ఒళ్ళో ఫోను వెలుగుతుంటే పక్కకు వెళ్ళి గొణిగాను.

"ఏందిమా, గుడిలో కూర్చోని ఫోను చూస్తాండావు?"

"నీ లైవేరా డేవిడూ. ఈడ స్తంభం అడ్డమొచ్చి అయ్యగారు కనపడరు. దీంట్లో శుభ్రంగా కనపడతాండాడు."

అంటే పదకొండు కాదు, పది! ఆ దెబ్బకు నా కళ ఘోరంగా గాయపడింది. కనీసం వెయ్యిమంది చూడకపోతే స్టాండు మడిచి అటక మీద పారేస్తానని శపథం చేశాను. జనాన్ని పెంచుకోవడమెలాగో నేర్పే ఒకాయన పాఠాలు వారం రోజులు విన్నాను. ఆయన చెప్పింది రెండే ముక్కలు. చూసేవాడి మనసులో ఒక ప్రశ్న నాటి జవాబు చివరిదాకా దాచాలట. వీడియో పైన పెట్టే ఫోటోలో ముఖం నిండా బాధ కనబడాలట.

ప్రశ్న కోసం ఆరాధనంతా గాలించాను. మా అయ్యగారి, అంటే పాస్టర్ గారి, ప్రసంగంలో ప్రశ్నలుండవు. అన్నీ జవాబులే, అవీ ముప్పావు గంటసేపు. ఇంక నా వల్ల కాదనుకుంటున్నప్పుడు నా పెళ్ళి కుదిరింది.

అమ్మాయి రూతు. హగరిలో లెక్కల టీచరు. చూసిన మొదటి రోజే నాకు తెగ నచ్చేసింది. ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. నేను ఒకే మాట నాలుగుసార్లు చెబుతాను కాబట్టి ఇద్దరికీ సరిపోతుందనుకున్నాను. నిశ్చితార్థం నాడు మా ఇంట్లో అందరికీ ఒగ్గరణి, మిర్చి పెట్టాం. బళ్ళారిలో శుభకార్యానికైనా సాయంత్రం టీకైనా బొరుగుల ఒగ్గరణి, పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. రూతుకు వచ్చిన మిర్చి మంచి ఘాటుది. కొరికీ కొరకగానే కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అదే క్షణంలో నేను ముచ్చటపడి ఒక ఫోటో తీశాను. ఈ ఫోటోను గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

మాలో పెళ్ళి కుదిరితే సరిపోదు. మూడు ఆదివారాలు వరుసగా అయ్యగారు ఆ సంగతి చర్చిలో ప్రకటించాలి. "ఫలానా వాడికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది. ఇది జరగకూడదనడానికి ఎవరి దగ్గరైనా తగిన అభ్యంతరం ఉంటే తెలియజేయండి" అని అడిగి, కాసేపు ఆగి, అందరి ముఖాలూ చూస్తారు. మా తాత కాలం నుంచి ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పింది లేదు. ఇద్దరు ముగ్గురు దగ్గుతారు, అంతే.

మొదటి ఆదివారం నా ప్రకటన అయింది. అయ్యగారు అడిగారు, ఆగారు, అందరూ దగ్గారు. స్టాండు పక్కన నిలబడ్డ నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ వెతికిన ప్రశ్న ఇదే కదా!

ఆ వారమే తర్వాతి లైవ్‌కు పేరు తయారుచేశాను. "ఈ పెళ్ళి జరుగుతుందా? పాస్టర్ గారి ప్రశ్న! చర్చి మొత్తం నిశ్శబ్దం! చివరిదాకా చూడండి!" ఎడమ పక్క నా ఫోటో, కుడి పక్క కన్నీళ్ళతో రూతు, మధ్యలో ఎర్రగా ఒక పగులు. మీరే చెప్పండి, ఇందులో ఒక్క అబద్ధమైనా ఉందా? ప్రశ్న నిజం, నిశ్శబ్దం నిజం, కన్నీళ్ళు నిజం. మిరపకాయ సంగతి రాయడానికి చోటు చాలలేదు.

దాన్ని మా యూనిట్ గ్రూపులో, క్రికెట్ గ్రూపులో, పాత బైకులు అమ్మే గ్రూపులో పెట్టాను. రెండో ఆదివారం ఆరాధన మొదలయ్యేసరికి పదకొండు కాస్తా మూడు వందలైంది. కానుకలు పట్టేసరికి రెండు వేలు. ప్రకటన దగ్గరికి వచ్చేసరికి మూడున్నర వేలు! అయ్యగారు ప్రశ్న అడిగి ఆగారు. చర్చిలో ఎప్పటిలాగే దగ్గులు. నా ఫోనులో మాత్రం జవాబులు కాలువ తెగినట్టు వచ్చిపడ్డాయి. "ఉంది ఉంది." "ఇదె అణ్ణా ఇదె" అని అదే మాట కన్నడంలో. "పాప ఏడుస్తాంది, బలవంతపు పెళ్ళి." "ఆపండి ఈ పెళ్ళి." ఆ అంకె చూసుకొని నేను మురిసిపోతుంటే స్తంభం వెనకనుంచి మా అమ్మ మెల్లగా తల తిప్పి నావైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది.

ఆరాధన అయిన మరుక్షణం నా చొక్కా పట్టుకుంది. "రేయ్, నీకు ఇంతకుముందే పెండ్లయిందంటనే? యాడరా? ఎప్పుడు?"

"నాకా? ఎవురు చెప్పినారు?"

"ఈడ రాసినారు సూడు. కెంచనగుడ్డ కింగని పేరు పెట్టుకున్యాడు."

ఈలోగా ఫోను మోగింది. గుంతకల్లు నుంచి రూతు పెద్దనాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా ప్లాట్‌ఫారమంతా వినిపిస్తుంది.

"ఏందప్పా ఇది? మా పాప యాల ఏడుస్తాండాది? మీరేమన్యారు మా పాపను?"

"ఏమీ అనలేదు పెద్దనాయనా! అది మిర్చి!"

"మిర్చినా? నిశ్చితార్థం నాడు నేనూ తింటిని గదా. నేను ఏడ్చినానా?"

ఆ తర్వాత రూతు ఫోను చేసింది.

"ఆ ఫోటో పెట్టిండేది ఎవరు?"

"నేనే. అదేమంటే రూతూ, చూసేవాళ్ళ మనసులో ఒక ప్రశ్న..."

"సరే."

పెట్టేసింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అబ్బాయిలూ, ఆడపిల్ల మిమ్మల్ని తిడితే భయపడకండి. "సరే" అంటే మాత్రం భయపడండి.

సోమవారం సాయంత్రం అయ్యగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి కళ్ళద్దాలు పెట్టుకొని ఒక నోటుబుక్కు ముందేసుకొని కూర్చున్నారు. వచ్చిన జవాబులన్నీ మా అమ్మ ఫోను చూసి స్వహస్తాలతో రాసుకున్నారట.

"అయ్యగారూ, అవన్నీ సుమ్మనే, ఊరికే రాసినవి. ఇడ్సిపెట్టండి."

"ఎట్ల ఇడ్సిపెడతానప్పా? అడిగినోణ్ణి నేను. నలభై ఏండ్లుగా అడుగుతాండా, ఇప్పటికి జవాబొచ్చింది. విచారించాల గదా? మొదటిది విను. 'పెండ్లికొడుకు మొగం బాగలేదు.' ఇది అభ్యంతరమా?"

"కాదయ్యగారూ."

"కాదులే. రెండోది, 'సౌండ్ రావడం లేదు.' ఇది?"

"ఇది గూడ కాదు."

"నాకైతే అభ్యంతరమే అనిపిస్తాండాది. మైకు చూసేది నువ్వే గదా?"

ఇలా ముప్పై ఏడు చదివారు. నా నీలం గోళ్ళు చూసి జబ్బు ఉందేమోనన్నవాడొకడు, తన బైకు కొంటే అభ్యంతరం వెనక్కి తీసుకుంటానన్నవాడొకడు. అయ్యగారు ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి ముప్పై ఎనిమిదో దాని దగ్గర పెన్ను ఆపారు.

"'ఇతనికి ముందే పెండ్లయింది.' డేవిడూ, ఇది కొట్టేసేది కాదప్పా. రాసినోడు వచ్చి కాదని చెప్పాల, లేదా రాసియ్యాల. అంతవరకూ మూడో ప్రకటన నేను చదవను. ప్రకటన లేకుంటే పెండ్లి లేదు."

అప్పటిదాకా నాకు అంతా నవ్వులాటగానే ఉంది. అవతల రూతు ఫోను ఎత్తదు. ఇవతల అయ్యగారు ప్రకటన చదవరు. మధ్యలో నా పెళ్ళి ఒక ముక్కూముఖం తెలియని రాజుగారి చేతిలో ఉంది.

మరునాడు యూనిట్‌కు సెలవు పెట్టి బైకు మీద సిరుగుప్ప దాటి కెంచనగుడ్డ చేరాను. ఈ ఊళ్ళో కింగ్ ఎవరని అడిగితే వెంటనే చూపించారు. తుంగభద్ర ఒడ్డు దారిలో చెరుకురసం బండి పెట్టుకున్నాడు. పేరు ఎర్రిస్వామి, నలభై ఏళ్ళ మనిషి. నన్ను చూడగానే రసం తీసే చక్రం వదిలేసి పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"అన్నా! నువ్వు ఆ పెండ్లికొడుకన్న గదా! నేను నీ ఫ్యానన్నా!"

"ఫ్యానా? మరి నాకు పెండ్లయిందని యాల రాసినావు?"

"మరి ఏమనుకున్యావు? గుళ్ళో ఎవురూ మాట్లాడకపోతిరి. ఎవురో ఒగరు ఏదో ఒగటి అనకుంటే వచ్చే వారం మజా యాడుంటాది? నేను రాసినాంక ఎంతమంది చూసినారో తెలుసునా? నా దానికే నాలుగు నూర్ల లైకులొచ్చినాయి!"

అతన్ని నాలుగు మాటలు అనాలనే అంత దూరం వెళ్ళాను. కానీ ఆలోచిస్తే, లైకుల కోసం ముక్కూముఖం తెలియనివాడి పెళ్ళిని తగలబెట్టిన ఇతనే నయం. నేను నా సొంత పెళ్ళినే తగలబెట్టుకున్నాను. రెండు గ్లాసుల రసం తాగి, "ఇతనికి పెండ్లయిందో లేదో నాకు తెలీదు, సుమ్మనే రాసినా" అని కాగితం మీద రాయించుకొని వచ్చాను.

ఇక్కడితో బుద్ధి రావాలి కదా? మీరు నన్ను చాలా తక్కువ అంచనా వేస్తున్నారు.

కాగితం చూసి అయ్యగారు, "మంచిది. ఎంతమందికి చెప్పినావో అంతమందికీ తెలియాల, ఈ ఆదివారం గూడ లైవు పెట్టు. సాదాగా పెట్టు" అన్నారు. సాదాగానే పెట్టాను. "చివరి ప్రకటన! ఈరోజు తేలిపోతుంది!"

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. హగరి నుంచి రూతు వాళ్ళు, గుంతకల్లు నుంచి పెద్దనాయన కూడా వచ్చారు. రూతు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అయ్యగారు ఎర్రిస్వామి కాగితం చదివి, మూడో ప్రకటన చేసి, ప్రశ్న అడిగి ఆగారు. ఒక్క దగ్గు కూడా లేదు.

రెండో బెంచీలోంచి రూతు లేచి నిలబడింది.

"నాకుండాదయ్యగారూ."

నా గుండె ఆగిపోయింది. నిజంగానే ఆగింది. కానీ ఏం చెప్పను, సరిగ్గా ఆ క్షణంలోనే ఫోనులో అంకె నాలుగు వేలు దాటింది, నా దిక్కుమాలిన కళ్ళు అటు పోయాయి.

"సూడండయ్యగారూ," అంది రూతు, చెయ్యి చాపి. "పెండ్లికూతురు లేచి అభ్యంతరమంటాంటే గూడ ఆయప్ప నన్ను చూస్తా లేడు. నంబరు చూస్తాండాడు."

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. పెద్దనాయన రైలుకు ఎర్రజెండా చూపించినట్టు లేచి నిలబడ్డారు.

"నీ అభ్యంతరమేందో చెప్పుమా," అన్నారు అయ్యగారు.

"ఆయన మీద కాదు. ఆ ఫోను మీద. నేను చేసుకునేది ఒగ మనిషిని. మా ఇద్దరి మధ్యలో నాలుగు వేల మందిని కూర్చోబెడతానంటే నాకొద్దు."

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె సరదాకు అనడం లేదు. వారం రోజులుగా ఆ పిల్ల బడిలో, బస్సులో, బజారులో ఎందరికి ఆ ఫోటో గురించి జవాబు చెప్పుకుందో అప్పుడు తట్టింది నాకు. ఇన్ని వేలమంది అభ్యంతరాలు చదివిన నేను ఆమెకు ఏమైనా ఉందేమోనని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఏమప్పా డేవిడూ, ఈ అభ్యంతరం తీరుస్తావా?" అని అడిగారు అయ్యగారు.

స్టాండు దగ్గరికి వెళ్ళి లైవ్ ఆపేశాను. నాలుగు వేలూ ఒక్క నొక్కుతో పోయాయి. చివరిదాకా చూడండని పిలిచిన నేనే చివర చూడనివ్వలేదు. ఫోను తీసుకెళ్ళి రూతు చేతిలో పెట్టాను. రూతు దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు లాగి, కూర్చుంది.

"ఇంకేమీ అభ్యంతరాలు లేవు గనుక," అని అయ్యగారు నోటుబుక్కు మూసేశారు.

పెళ్ళికి లైవ్ లేదు. ప్రకాశమ్మత్తను మాత్రం మంచంతో సహా ఆటోట్రాలీలో తీసుకొచ్చి ముందు వరసలో పెట్టాం. మూడో బెంచీలో తెల్ల చొక్కాతో ఎవరో కూర్చున్నారేమిటా అని చూస్తే ఎర్రిస్వామి! లైవు సగంలో ఆగిపోయేసరికి ఏమైందో తెలియక వారం రోజులు అన్నం సయించలేదట, స్వయంగా చూసిపోదామని వచ్చాడట. అంత కష్టపడి నేను పెంచుకున్న జనంలో చివరికి మిగిలింది ఆ ఒక్కడే.

ప్రమాణాలకు ముందు అయ్యగారు ఆ ప్రశ్నను మళ్ళీ అడగాలి, అది పద్ధతి. అడిగారు, ఆగారు. చర్చిలోని తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి. ఎర్రిస్వామి కంగారుగా లేచి చేతులు జోడించాడు.

"నాకేమీ లేదు సామీ! ఈ పొద్దు సౌండు గూడ బాగుండాది!"

ఇప్పుడు మా లైవ్ పేరు "ఆదివారం ఆరాధన". చూసేవాళ్ళు పదకొండు మంది, స్తంభం వెనక మా అమ్మతో కలిపి. మిర్చి తినేముందు రూతు ఈనాటికీ నా ఫోను అడిగి తీసుకొని తన పక్కన బోర్లించి పెట్టుకుంటుంది.

కాబట్టి, నీలం గోళ్ళ డేవిడ్ అనే నేను, మైకు మీద ఎడమ చేయీ గుండె మీద కుడి చేయీ ఉంచి, సభవారందరి ఎదుట చేస్తున్న ప్రమాణమేమంటే: నెట్‌వర్క్ ఉన్నా లేకున్నా, చూసేవాళ్ళు పెరిగినా తరిగినా, నా ప్రాణమున్నంతవరకు నా ఇంటి సంగతికి ప్రశ్న తగిలించి ఊరిమీద వదలను. దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే దయచేసి నాకు రాయకండి, రూతుకు చెప్పుకోండి.